ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి డేటా సరిగ్గా వెళ్లడం లేదు: ఆటోమేషన్‌లో లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎయిర్‌టేబుల్‌లో (డేటాను టేబుళ్లుగా దాచుకునే ఆన్‌లైన్ టూల్) 'ఆర్డర్లు' అని ఒక టేబుల్, 'డిస్పాచ్' అని ఇంకో టేబుల్ ఉన్నాయి. ఆర్డరు స్టేటస్ 'కన్ఫర్మ్' కాగానే దాని వివరాలతో డిస్పాచ్‌లో కొత్త రికార్డు (వరుస) తయారు కావాలి. టెస్ట్ చేస్తే బాగానే వస్తోంది. ఆన్ చేసి వదిలేస్తే మాత్రం కొన్ని రికార్డులు సగం ఖాళీగా వస్తున్నాయి, కొన్ని రెండేసి వస్తున్నాయి, కొన్ని అసలు రావడం లేదు. పైగా కస్టమర్ల టేబుల్‌లో ఎవరూ ఎంటర్ చేయని కొత్త రికార్డులు పుట్టుకొస్తున్నాయి. ఇదంతా ఒకే లోపమా, వేర్వేరా అని అడిగారు.

వేర్వేరు. కానీ మూడు మార్పులతో నాలుగూ చాలావరకు పోతాయి.

ఒకటి: ట్రిగ్గర్‌ను (ఆటోమేషన్‌ను కదిలించే సంఘటనను) 'రికార్డు సృష్టించినప్పుడు' లేదా 'రికార్డు మారినప్పుడు' నుంచి 'షరతులు సరిపోయినప్పుడు'కి మార్చండి. ఆ షరతుల్లో స్టేటస్ ఒక్కటే కాకుండా, డిస్పాచ్‌కి కావాల్సిన ఏ కాలమ్ కూడా ఖాళీగా ఉండకూడదని పెట్టండి.

రెండు: లింక్ కాలమ్‌లోకి (ఇంకో టేబుల్‌లోని రికార్డుకు ముడిపెట్టే కాలమ్‌లోకి) కస్టమర్ పేరు పంపకండి, కస్టమర్ రికార్డు ఐడీ పంపండి.

మూడు: కొత్త రికార్డు తయారు చేసే ముందు, ఈ ఆర్డరుకి డిస్పాచ్ రికార్డు ఇప్పటికే ఉందా అని చూసుకునే ఏర్పాటు చేయండి.

ట్రిగ్గర్ ఏది పెట్టారో మీరు రాయలేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి 'రికార్డు సృష్టించినప్పుడు', 'రికార్డు మారినప్పుడు' అనే రెండింటిలో ఒకటి అయి ఉంటుందని అనుకుంటున్నాను. ఇప్పుడు ఒక్కొక్కటి ఎందుకో చెబుతాను. కారణం తెలియకుండా సెట్టింగ్ మారిస్తే ఇంకో కాలమ్ చేర్చిన రోజున ఇదే సమస్య మళ్లీ వస్తుంది.

ముందు, టెస్ట్‌లో ఎందుకు బాగా వస్తోంది? టెస్ట్ బటన్ మీ ట్రిగ్గర్ అసలు పరిస్థితుల్లో ఎప్పుడు కదులుతుందో పరీక్షించదు. అప్పటికే ఉన్న ఒక రికార్డును నమూనాగా తీసుకుని, దాని మీద తర్వాతి అడుగులు నడిపి చూపిస్తుంది. మనం నమూనాగా ఎంచుకునేది సాధారణంగా అన్ని కాలమ్‌లూ నిండిన చక్కటి రికార్డే. కాబట్టి టెస్ట్ పాసయ్యిందంటే 'నిండిన రికార్డు ఇస్తే రాయగలదు' అని మాత్రమే తేలింది. ఎప్పుడు కదులుతుంది, ఎన్నిసార్లు కదులుతుంది, కదిలినప్పుడు ఆ వరుసలో ఏముంది అనేవి తేలలేదు. మీ సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి.

అందుకే నేను ఎవరి ఆటోమేషన్ చూసినా మొదట సెట్టింగులు తెరవను, రన్ హిస్టరీ (ఆటోమేషన్ నడిచిన ప్రతిసారీ ఏం జరిగిందో చూపే జాబితా) తెరుస్తాను. తప్పుగా వచ్చిన ఒకే ఒక్క ఆర్డరును తీసుకుని దాని కోసం అక్కడ వెతుకుతాను. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. ఆ ఆర్డరుకి రన్నే లేకపోతే లోపం ట్రిగ్గర్‌లో ఉంది, తర్వాతి అడుగుల్లో ఏం మార్చినా ఉపయోగం లేదు. రన్ ఉండి ఎర్రగా ఫెయిలై ఉంటే, పంపిన విలువను అవతలి కాలమ్ ఒప్పుకోలేదు. రన్ ఆకుపచ్చగానే ఉండి డిస్పాచ్‌లో మాత్రం ఖాళీ ఉంటే, ఆటోమేషన్ చదివిన క్షణంలో ఆ విలువ ఇంకా లేదు, లేదా మీరు వేరే కాలమ్‌కి ముడి పెట్టారు. ఈ మూడో రకమే ప్రమాదకరం, ఎందుకంటే ఎవరికీ ఎర్రర్ మెయిల్ రాదు. ఏ రకమో తేల్చుకోకుండా ఊహించి మార్పులు చేస్తూ పోతే, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో కూడా తెలియకుండా పోతుంది.

ఇక సగం ఖాళీ రికార్డుల సంగతి. గ్రిడ్‌లో కింద ఉన్న ప్లస్ గుర్తు నొక్కగానే ఎయిర్‌టేబుల్ దృష్టిలో రికార్డు పుట్టేసినట్టే. మీరు అందులో ఒక్క అక్షరం కూడా టైప్ చేసి ఉండరు. 'రికార్డు సృష్టించినప్పుడు' అనే ట్రిగ్గర్ ఆ క్షణంలోనే కదులుతుంది, ఖాళీ వరుసను చదువుతుంది, ఖాళీనే తీసుకెళ్తుంది. అదే ఫారమ్ ద్వారా వచ్చిన ఆర్డరైతే అన్ని వివరాలతో ఒకేసారి పుడుతుంది కాబట్టి సరిగ్గా వెళ్తుంది. మీ దగ్గర ఒకసారి చూడండి: ఖాళీగా వచ్చినవన్నీ చేత్తో ఎంటర్ చేసినవి, సరిగ్గా వచ్చినవన్నీ ఫారమ్‌లో వచ్చినవి అయితే, ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

'రికార్డు మారినప్పుడు' పెట్టుకుంటే ఇంకో చిక్కు. టెక్స్ట్ కాలమ్‌ను గమనించమని చెబితే, మనిషి టైప్ చేస్తూ ఉండగానే అది కదలవచ్చు. అడ్రసు సగం టైప్ చేసి ఆగితే సగం అడ్రసు వెళ్తుంది, మిగతా సగం పూర్తయ్యాక మళ్లీ కదిలి ఇంకో రికార్డు తయారవుతుంది. ఈ ట్రిగ్గర్ తప్పదనుకుంటే, టెక్స్ట్ కాలమ్‌లను కాకుండా స్టేటస్ లాంటి ఒక్క క్లిక్‌తో మారే కాలమ్‌ను మాత్రమే గమనించమనండి.

'షరతులు సరిపోయినప్పుడు' అనే ట్రిగ్గర్ వీటన్నిటికంటే నమ్మదగినది. కానీ దాని స్వభావం సరిగ్గా తెలిసి ఉండాలి. షరతులు సరిపోయి ఉన్న రికార్డులన్నిటికీ అది కదలదు. సరిపోని స్థితి నుంచి సరిపోయిన స్థితికి మారిన క్షణంలో కదులుతుంది. మీరు ఆటోమేషన్ ఆన్ చేసేసరికే 'కన్ఫర్మ్' అయి ఉన్న ఆర్డర్లు దాని కంటికి కనిపించవు. మీకు అసలు రాని రికార్డుల్లో కొన్నయినా ఇవే అయి ఉంటాయి. మధ్యలో ఎవరైనా ఆటోమేషన్‌ను కాసేపు ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే, ఆ కాసేపట్లో కన్ఫర్మ్ అయినవి కూడా ఇలాగే మిగిలిపోతాయి.

వ్యూ (ఫిల్టర్ పెట్టి టేబుల్‌ను చూసుకునే తీరు) ఆధారంగా నడిచే ట్రిగ్గర్‌ను నేను సాధ్యమైనంతవరకు వాడను. తప్పక వాడితే ఆ వ్యూను ఆటోమేషన్ కోసమే ప్రత్యేకంగా తయారు చేసి లాక్ చేస్తాను. పది మంది పనిచేసే చోట ఎవరో ఒకరు తమ సౌకర్యం కోసం ఫిల్టర్ మారుస్తారు. అప్పుడు సంబంధం లేని రికార్డులన్నీ ఒక్కసారిగా ఆ వ్యూలోకి వచ్చి ఆటోమేషన్‌ను కదిలించవచ్చు. అలా మార్చిన మనిషికి తను ఏం చేశారో తెలిసే అవకాశమే లేదు.

రెండేసి రావడానికి కారణం చాలాసార్లు మనుషుల అలవాటే. స్టేటస్ 'కన్ఫర్మ్' చేస్తారు, పొరపాటైందని 'పెండింగ్' చేస్తారు, మళ్లీ 'కన్ఫర్మ్' చేస్తారు. ఆటోమేషన్ తన పని తను రెండుసార్లు చేస్తుంది. మనుషులను అలా చేయొద్దని చెప్పడం పరిష్కారం కాదు. ఒకే ఆర్డరుకి ఎన్నిసార్లు కదిలినా ఫలితం ఒకటే ఉండేలా ఆటోమేషన్‌ను కట్టాలి.

ఎయిర్‌టేబుల్‌లో దీనికి నేను వాడే పద్ధతి ఇది. ఆర్డర్లకీ డిస్పాచ్‌కీ మధ్య ఒక లింక్ కాలమ్ పెట్టండి. డిస్పాచ్ రికార్డు తయారయ్యేటప్పుడు ఆ కాలమ్‌లో ఆర్డరు రికార్డు ఐడీ పడాలి. అలా పడగానే ఆర్డర్ల టేబుల్‌లో ఎదురు లింక్ దానంతట అదే నిండుతుంది. ఇప్పుడు ట్రిగ్గర్ షరతుల్లో 'డిస్పాచ్ లింక్ ఖాళీగా ఉండాలి' అని ఒకటి చేర్చండి. రికార్డు ఒకసారి తయారైతే ఆ షరతు ఇక సరిపోదు కాబట్టి స్టేటస్ ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా రెండోది రాదు. వేరే స్క్రిప్టు గానీ, ఇంకో ఆటోమేషన్ గానీ అవసరం లేదు.

దీనిలో ఒక్క జాగ్రత్త ఉంది. డిస్పాచ్‌లో ఆ రికార్డును ఎవరైనా డిలీట్ చేస్తే లింక్ మళ్లీ ఖాళీ అవుతుంది, షరతులు మళ్లీ సరిపోతాయి, కొత్త రికార్డు పుడుతుంది. 'డిలీట్ చేసినా మళ్లీ వస్తోంది' అని కంగారు పడేవాళ్లను చూశాను. రద్దు చేయాలంటే డిలీట్ చేయకుండా డిస్పాచ్ స్టేటస్‌ను 'రద్దు' అని మార్చే పద్ధతి పెట్టుకోండి. రికార్డుల చరిత్ర కూడా మిగులుతుంది.

లింక్ పెట్టే వీలు లేని చోట, అంటే రెండు టేబుళ్లు వేర్వేరు బేస్‌లలో (ఎయిర్‌టేబుల్‌లో కొన్ని టేబుళ్లు కలిసి ఉండే చోటు బేస్) ఉన్నప్పుడు లేదా మీ టూల్‌లో లింక్ కాలమే లేనప్పుడు, 'వెతుకు, దొరికితే మార్చు, లేకపోతే సృష్టించు' అనే వరుసలో కట్టాలి. ఇక్కడ రెండు రన్‌లు దాదాపు ఒకే క్షణంలో మొదలైతే, రెండూ వెతికి, రెండిటికీ ఏమీ దొరక్క, రెండూ సృష్టించే ప్రమాదం ఉంది. గూగుల్ షీట్స్‌కి స్క్రిప్టులు రాసే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో దీనికి, ఒక రన్ అయ్యేదాకా ఇంకోదాన్ని ఆపే లాక్ సర్వీస్ ఉంది. మైక్రోసాఫ్ట్ ఆటోమేషన్ టూల్ అయిన పవర్ ఆటోమేట్‌లో ట్రిగ్గర్ సెట్టింగుల్లో, ఒకేసారి ఎన్ని రన్‌లు నడవాలో చెప్పే కాన్‌కరెన్సీ కంట్రోల్ ఆన్ చేసి 1కి దించితే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి.

ఇప్పుడు కస్టమర్ల టేబుల్‌లో పుట్టుకొస్తున్న కొత్త రికార్డులు. నాలుగింటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే. మిగతావి కంటికి కనిపిస్తాయి, ఇది మాత్రం మీ మూల డేటాను లోపలి నుంచి పాడు చేస్తుంది.

లింక్ కాలమ్‌లోకి పేరును టెక్స్ట్‌గా పంపితే, ఎయిర్‌టేబుల్ ఆ పేరును కస్టమర్ల టేబుల్ మొదటి కాలమ్‌లో వెతుకుతుంది. అక్షరం తేడా లేకుండా దొరికితే దానికి కలుపుతుంది. దొరక్కపోతే ఆ పేరుతో కొత్త రికార్డు తయారు చేసి దానికి కలుపుతుంది. పేరులో కామా ఉంటే ఒక పేరును రెండుగా చీల్చి, రెండు రికార్డులుగా చూస్తుంది. ఇద్దరు కస్టమర్లకు ఒకే పేరు ఉంటే ఎవరికి అతుక్కుంటుందో మీ చేతిలో ఉండదు. ఇవన్నీ పేరును గుర్తింపుగా వాడటం వల్ల వచ్చే ఇబ్బందులే. పేరు మనుషులు చదువుకోవడానికి, ఐడీ టూల్ గుర్తు పట్టడానికి.

ఎయిర్‌టేబుల్‌లో ప్రతి రికార్డుకూ 17 అక్షరాల ఐడీ ఉంటుంది, 'ఆర్ఈసీ' అనే మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. ఆటోమేషన్‌లో విలువ ఎంచుకునేటప్పుడు ఆర్డరులోని కస్టమర్ కాలమ్‌ను తెరిస్తే పేరు, రికార్డు ఐడీ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ ఐడీని ఎంచుకోండి. ఆర్డర్లలో, డిస్పాచ్‌లో ఉన్న కస్టమర్ కాలమ్‌లు రెండూ ఒకే కస్టమర్ల టేబుల్‌కి లింక్ అయి ఉన్నంతవరకు ఇది పొరపాటు పడదు. కానీ గుర్తుంచుకోండి, ఈ ఐడీ ఆ బేస్‌లోనే చెల్లుతుంది. వేరే బేస్‌కి పంపితే అదొక అర్థం లేని అక్షరాల వరుస. అక్కడికి ఆర్డరు నంబరు, కస్టమర్ కోడ్ లాంటివి పంపి, అవతల వాటితో వెతికించాలి.

తెలుగులో డేటా ఎంటర్ చేసేవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒక సంస్థలో కస్టమర్ పేర్లు చూడటానికి అచ్చం ఒకేలా ఉన్నా రెండేసి రికార్డులు తయారవుతూ వచ్చాయి. స్పేస్‌లు చూశాం, స్పెల్లింగ్ చూశాం, తేడా లేదు. చివరికి రెండు పేర్ల పొడవును ఫార్ములాతో కొలిస్తే ఒకటి ఎక్కువ వచ్చింది. పొల్లుతో ముగిసే పేర్ల చివర ఒక కీబోర్డు నుంచి కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పడుతోంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి వాడే గుర్తు అదే. మాట చివర ఉంటే చూపులో ఏ తేడా ఉండదు, పోలికలో మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

అనవసరమైన స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫార్ములా దీన్ని తీయదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్‌ను కూడా ఎక్సెల్‌లో ట్రిమ్ తీయదు. ఎక్సెల్, గూగుల్ షీట్స్ రెండింటిలోనూ సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనీచార్ 8204 (ఆ కనిపించని గుర్తు), యూనీచార్ 160 (నాన్ బ్రేకింగ్ స్పేస్) పెట్టి విడిగా శుభ్రం చేయాలి. 8204ను మాట మధ్యలో తీసేస్తే తెలుగు అక్షరాలు కలిసిపోయి రూపం మారుతుంది. కాబట్టి చూపించే పేరును అలాగే ఉంచి, పోల్చడానికి మాత్రమే శుభ్రం చేసిన ఇంకో కాలమ్ పెట్టుకోండి.

షీట్స్‌లోనో ఎక్సెల్‌లోనో ఇదే పని చేస్తున్నవాళ్లు వరుస నంబరును గుర్తింపుగా వాడుతుంటారు. దయచేసి మానేయండి. ఎవరైనా సార్ట్ చేసినా, మధ్యలో ఒక వరుస చేర్చినా 57వ వరుస ఇంకొకరిది అవుతుంది, మీ ఆటోమేషన్ నిశ్శబ్దంగా తప్పు ఆర్డరును మారుస్తుంది. వరుస నంబరు చూపే ఫార్ములాతో ఐడీ తయారు చేసుకున్నా అంతే, వరుస కదిలితే ఐడీ మారుతుంది. ఐడీ ఒకసారి రాసిన తర్వాత మారని మామూలు విలువగా ఉండాలి.

ఇంకో రెండు షీట్స్ సంగతులు. ఆన్ ఎడిట్ ట్రిగ్గర్ మనిషి చేత్తో మార్చినప్పుడే కదులుతుంది. స్క్రిప్టు రాసినా, ఏపీఐ (ప్రోగ్రాములు డేటా పంపుకునే దారి) ద్వారా వచ్చినా, ఫార్ములా ఫలితం మారినా కదలదు. 'కొన్ని వెళ్తున్నాయి, కొన్ని వెళ్లడం లేదు' అనేవాళ్లలో చాలామందికి ఇదే కారణం. రెండోది: కొత్త వరుస చేర్చే అపెండ్ రో వాడితే డేటా ఉన్న చివరి వరుస కింద రాస్తుంది. కానీ పక్క కాలమ్‌లో వెయ్యో వరుస దాకా ఫార్ములా లాగి పెట్టి ఉంటే, అది ఖాళీగా కనిపిస్తున్నా టూల్ దృష్టిలో నిండినట్టే. డేటా రాలేదని వెతుక్కుంటుంటారు, అది వెళ్లి 1001వ వరుసలో కూర్చుని ఉంటుంది. కిందికి స్క్రోల్ చేసి చూడండి.

ఎర్రగా ఫెయిలయ్యే రన్‌లకు వస్తే, దాదాపు అన్నీ విలువ ఆకారానికి సంబంధించినవే. ఇక్కడ ఒక చిట్కా నాకు చాలా పని చేసింది. అవతలి టేబుల్‌లో 'ముడి విలువ' అని ఒక పొడవైన టెక్స్ట్ కాలమ్ పెట్టి, ఇబ్బంది పెడుతున్న విలువను ఏ మార్పూ లేకుండా తాత్కాలికంగా అందులో రాయించండి. స్క్రీన్ మీద చక్కగా కనిపించే తేదీ లోపల ఎలా ప్రయాణిస్తోందో అప్పుడు తెలుస్తుంది.

తేదీలతోనే ఎక్కువ బాధ. పవర్ ఆటోమేట్ ఎక్సెల్ నుంచి తేదీని చదివితే మామూలుగా 45292 లాంటి అంకె ఇస్తుంది. అది 2024 జనవరి 1. ఎక్సెల్ తేదీలను రోజుల లెక్కగానే దాచుకుంటుంది కాబట్టి ఇది తప్పు కాదు. ఆ అడుగులోని అదనపు సెట్టింగుల్లో డేట్ టైమ్ ఫార్మాట్‌ను ఐఎస్ఓ 8601కి (సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాసే ప్రమాణానికి) మార్చితే తేదీలా వస్తుంది. ఎయిర్‌టేబుల్‌లో సమయంతో కూడిన తేదీ ఆటోమేషన్‌కి యూటీసీలో (గ్రీన్‌విచ్ సమయంలో) చేరుతుంది. గ్రీన్‌విచ్ కంటే ముందుండే ప్రాంతాల్లో తెల్లవారుజామున నమోదైన ఆర్డరు, తేదీ ముక్క మాత్రమే తీసుకుంటే నిన్నటి తేదీతో కనిపిస్తుంది. ఉదయం తొలి గంటల్లో వచ్చినవి మాత్రమే ఒక రోజు వెనక్కి పోతుంటే కారణం ఇదే.

రోజు, నెల తారుమారవడాన్ని గుర్తు పట్టడం ఇంకా తేలిక. నెలలో 12వ తేదీ దాకా తేదీలు తప్పు నెలలో పడుతూ, 13 నుంచి ఎర్రరో లేక టెక్స్టో వస్తుంటే, ఒకవైపు రోజు ముందు, ఇంకోవైపు నెల ముందు అన్న లెక్కలో ఉన్నాయి. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు అనే క్రమంలో పంపితే ఏ టూలూ తికమక పడదు.

అంకెల విషయంలో ఒక్క నియమం: కూడికలు చేయని అంకెలను అంకెలుగా దాచకండి. ఫోన్ నంబరు, ట్రాకింగ్ నంబరు, ఖాతా నంబరు అన్నీ టెక్స్టే. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా పట్టి ఉంచుతుంది, 16 అంకెల నంబరు ఇస్తే చివరిది సున్నా అవుతుంది. ముందున్న సున్నాలు సరేసరి, ఎగిరిపోతాయి. పోయాక వాటిని తిరిగి తెచ్చే కచ్చితమైన మార్గం లేదు. అడక్కుండా విలువ మార్చేసే ఈ అలవాటు ఎంత దూరం పోయిందంటే, జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే 2020లో కొన్ని జన్యువుల పేర్లు మార్చింది. మార్చ్1 అనేది అలా మార్చ్‌ఎఫ్1 అయింది.

ఒకే ఆప్షన్ ఎంచుకునే సింగిల్ సెలెక్ట్ కాలమ్‌లోకి పంపే విలువ అక్కడి ఆప్షన్లలో ఒకదానితో పూర్తిగా సరిపోవాలి. 'కన్ఫర్మ్' వేరు, చివర స్పేస్ ఉన్న 'కన్ఫర్మ్ ' వేరు. లుకప్ కాలమ్‌లో (లింకైన రికార్డు నుంచి విలువ తెచ్చి చూపే కాలమ్) ఒకే విలువ కనిపిస్తున్నా లోపల అది జాబితాగానే ప్రయాణిస్తుంది, నంబరు కాలమ్ దాన్ని తీసుకోకపోవచ్చు. అలాంటప్పుడు రోలప్‌గానో (అలాంటి విలువలను ఒకటిగా లెక్కగట్టే కాలమ్) ఫార్ములాగానో మార్చి ఒకే విలువగా పంపండి. ఫార్ములా, లుకప్, రోలప్ కాలమ్‌లలోకి బయటి నుంచి ఏమీ రాయలేరు, డిస్పాచ్‌లో ఆ కాలమ్ జాబితాలో కనిపించకపోతే అందుకే. ఎయిర్‌టేబుల్ అటాచ్‌మెంట్ల డౌన్‌లోడ్ లింకులు కొన్ని గంటల్లో చెల్లకుండా పోతాయి కాబట్టి, ఫైలును అటాచ్‌మెంట్ కాలమ్‌లోకే పంపండి, లింకును టెక్స్ట్‌గా దాచుకోకండి.

మీ సమస్య ఇప్పుడు ఇది కాకపోయినా, డేటా పెరిగాక ఎదురయ్యేది పరిమితులు. పవర్ ఆటోమేట్‌లో ఎక్సెల్ టేబుల్ వరుసలు చదివే అడుగు మామూలుగా 256 వరుసలే తెస్తుంది. పేజినేషన్ (మిగతా వరుసలను విడతలుగా తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసేదాకా 257వది ఉందన్న సంగతే ఆటోమేషన్‌కి తెలియదు, రన్ మాత్రం ఆకుపచ్చగానే ఉంటుంది. యాప్స్ స్క్రిప్ట్‌లో ఒక రన్‌కి 6 నిమిషాలు. ఎయిర్‌టేబుల్ ఏపీఐలో ఒక అభ్యర్థనతో రాయగలిగేవి 10 రికార్డులు, ఒక బేస్‌కి సెకనుకు 5 అభ్యర్థనలు. దాటితే 429 అనే ఎర్రర్ ఇచ్చి 30 సెకన్లు ఆగమంటుంది.

ఇలాంటి పరిమితి ఎంత నష్టం చేయగలదో 2020లో ఇంగ్లండ్‌లో చూశాం. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌లో కోవిడ్ ఫలితాలను ఎక్సెల్ పాత ఫార్మాటైన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, వాళ్ల కాంటాక్టులను వెతకడం ఆలస్యమైంది. డేటా ఉన్నట్టుండి ఆగిపోతే ఎవరైనా గమనిస్తారు. కొంత వచ్చి కొంత రాకపోతే గమనించడం చాలా కష్టం.

అందుకే ట్రిగ్గర్ ఎంత బాగా పెట్టినా దాని వెనక ఒక జల్లెడ ఉండాలంటాను. గంటకోసారి నడిచే ఇంకో ఆటోమేషన్ పెట్టండి. స్టేటస్ కన్ఫర్మ్ అయి, కావాల్సిన కాలమ్‌లు నిండి, డిస్పాచ్ లింక్ ఖాళీగా ఉన్న ఆర్డర్లను అది వెతకాలి. దొరికిన ప్రతిదానికీ డిస్పాచ్ రికార్డు తయారు చేయాలి. ట్రిగ్గర్ ఏ కారణం వల్ల వదిలేసినా గంటలోపు ఇది పట్టుకుంటుంది. అసలు ఆలస్యం పర్వాలేదనుకునే పనుల్లో నేను ట్రిగ్గర్ తీసేసి ఈ గంటల ఆటోమేషన్‌తోనే నడిపిస్తాను, తలనొప్పి చాలా తగ్గుతుంది. కన్ఫర్మ్ అయినా వివరాలు నిండక ఆగిపోయిన ఆర్డర్లకు విడిగా ఒక వ్యూ పెట్టి, రోజూ ఒకరు చూసేలా చేయండి.

ఇంతదాకా మీరు అడిగినదానికి. అడగనిది కూడా ఒకటి చెప్పాలి: ఇన్ని కాలమ్‌లు కాపీ చేయాల్సిన అవసరం నిజంగా ఉందా? ఆర్డరు, డిస్పాచ్ ఒకే బేస్‌లో ఉండి, రెండిటి మధ్య లింక్ ఉంటే, కస్టమర్ పేరు, ఫోన్ నంబరు లుకప్‌లో కనిపిస్తాయి. ఫోన్ నంబరు రేపు మారితే డిస్పాచ్ వాళ్లకు కొత్తదే కనపడాలి కదా, కాపీ చేస్తే పాతది కనపడుతుంది. అదే ధర అయితే వ్యతిరేకం. ఆర్డరు ఇచ్చిన రోజు ధర అలాగే నిలిచిపోవాలి, వస్తువుల టేబుల్‌లో ధర మారినప్పుడు పాత ఆర్డర్ల మొత్తాలు మారిపోకూడదు. కాబట్టి ధరను కాపీ చేయాలి. అడ్రసు ఈ రెండింటికీ మధ్య ఉంటుంది: పంపేదాకా తాజాది కావాలి, పంపాక ఎక్కడికి పంపామో మారకూడదు. దాన్ని పంపిన క్షణంలో కాపీ చేసే చిన్న ఆటోమేషన్ పెట్టుకోవచ్చు. ప్రతి కాలమ్‌కీ ఈ ప్రశ్న వేసుకుంటే మీ ఆటోమేషన్‌లో సగం బరువు తగ్గుతుంది. వెళ్లే కాలమ్‌లు తగ్గితే విరిగే చోట్లూ తగ్గుతాయి.

ఇప్పటికే పాడైన డేటాను సరిచేయడం కూడా మిగిలి ఉంది. వరుస ముఖ్యం. ముందు ఆటోమేషన్ ఆఫ్ చేసి, బేస్‌కి ఒక స్నాప్‌షాట్ (నకలు) తీసుకోండి. తర్వాత కస్టమర్ల టేబుల్ తెరిచి, సృష్టించిన సమయం కాలమ్ చేర్చి, ఆటోమేషన్ మొదలైన రోజు తర్వాత పుట్టినవాటిని వేరు చేయండి. వాటిలో అనుకోకుండా పుట్టిన ప్రతి రికార్డుకూ ఏ డిస్పాచ్‌లు లింక్ అయ్యాయో చూసి, అసలు కస్టమర్‌కి మార్చిన తర్వాతే దాన్ని తీసేయండి. ముందే తీసేస్తే ఆ డిస్పాచ్ ఎవరిదో తెలుసుకునే ఆధారం పోతుంది.

ఆ తర్వాత డూప్లికేట్ డిస్పాచ్‌లు. రెండింటిలో ఏది ముందు వచ్చిందని కాదు, దేనికి ట్రాకింగ్ నంబరు పడిందో చూడండి. మీ వాళ్లు నిజంగా వాడిన రికార్డు అదే, దాన్ని ఉంచండి. రెండింటికీ ట్రాకింగ్ నంబరు ఉంటే సరుకు రెండుసార్లు వెళ్లినట్టు, డిలీట్ చేయకుండా ఆ జాబితాను పంపిణీ చూసేవాళ్లకు ఇవ్వండి. ఖాళీగా వచ్చినవాటిలో మొదట ఆర్డరు లింక్ నింపండి. లింక్ పడితే కాపీ చేయనక్కర్లేని వివరాలు లుకప్‌లో అవే వస్తాయి. చివరగా గంటల ఆటోమేషన్‌ను ఆన్ చేసి, మిగిలిపోయిన పాత ఆర్డర్లను దానితో పట్టించండి. అది పూర్తయ్యాక, వివరాలు నిండక ఆగినవి, రెండుసార్లు వెళ్లినవి పక్కన పెట్టి, కన్ఫర్మ్ అయిన ఆర్డర్ల కౌంటూ, రద్దయినవాటితో కలిపి డిస్పాచ్ కౌంటూ సరిపోతే, అప్పుడు కొత్త ట్రిగ్గర్ ఆన్ చేయండి. మొదటి వారం ఆ రెండు కౌంట్లనూ రోజూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ ఒక్క ఆర్డరుకి రన్ హిస్టరీ తెరవండి.